మూగజీవుల నడవడి

సంక్రాంతి నెల పట్టినది మొదలు మొవ్వ, కూచిపూడి, పామర్రు, గుడివాడ ప్రాంతముల గ్రామవీధులలో ఉదయముననే సన్నాయి పాటయు డోలు చప్పుడును వినవచ్చును. మూపురముపై రంగుబొంత కప్పి, కొమ్ములకు కుచ్చులు, మెడకు గంటలు కట్టిన గంగిరెద్దును తోడ్కొని దాని యజమాని ఇంటిముందు నిలుచును. ‘అమ్మగారికి దండము పెట్టు’ అనగనే ఎద్దు ముంగాలు వంచును. ‘అయ్యగారు కొత్తబట్ట పెట్టుదురా?’ అని అడిగినచో తల ఆడించును. పిల్లలు నోళ్లు తెరచి చూతురు. పెద్దలు నవ్వుకొని చేటతో ధాన్యము తెచ్చి పోయుదురు. ఆ ఎద్దునకు నిజముగా మాట తెలిసినదా అని విచారించువారు మాత్రము అరుదు.

ఎద్దునకు మాట తెలియదు, మనిషి తెలియును. కోడెదూడగా ఉన్ననాటినుండి దానిని పెంచినవారు ముకుత్రాటి చిన్న కదలికకు, డోలుపై దెబ్బ మారుటకు, సన్నాయి స్వరము పైకి లేచుటకు, తాము ఒక అడుగు ముందుకు వేయుటకు ఒక్కొక్క పనిని జోడించి నేర్పుదురు. చెప్పెడి మాట మన వినోదము కొఱకు. చేసెడి సైగ ఎద్దు కొఱకు. రెండును ఒక్కమారే జరుగుటచే మనము మాటను మాత్రమే పట్టుకొందుము. ఎద్దు సైగను పట్టుకొనును.

ఇట్టి సంగతియే ఇరువదవ శతాబ్ది ఆరంభమున జర్మనీ దేశపు పండితులను పెద్ద చిక్కున పెట్టినది. బెర్లిన్ నగరమున విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అను ఉపాధ్యాయుడు హాన్స్ అను తన గుఱ్ఱమునకు లెక్కలు నేర్పితినని చెప్పుచుండెను. మూడును నాలుగును కలిపిన ఎంత అని అడిగినచో ఆ గుఱ్ఱము గిట్టతో నేలను ఏడుమారులు తట్టి ఊరకుండెడిది. తారీఖులు చెప్పెడిది, గడియారము చూచి గంట చెప్పెడిది. యజమాని చూచువారివద్ద పైకము పుచ్చుకొనలేదు. పరాయివారు అడిగినను గుఱ్ఱము సరిగానే చెప్పుచుండెను. 1904లో ఒక విచారణ సంఘము కూర్చుండి, ఇందులో మోసమేమియు లేదని తేల్చినది. అప్పుడు ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అను పరిశోధకుడు రెండు చిన్న పరీక్షలు చేసెను. ప్రశ్న అడుగువానికే జవాబు తెలియకుండ ఏర్పాటు చేసినచో గుఱ్ఱము తప్పెను. అడుగువాడు గుఱ్ఱమునకు కనబడకుండ చేసినను తప్పెను. రహస్యము ఇది: ప్రశ్న వేసినవాడు గిట్టను చూచుటకై తనకు తెలియకుండగనే తల కొంచెము వంచును; సరియైన లెక్క రాగానే ఊపిరి వదలి తల అణుమాత్రము ఎత్తును. గుఱ్ఱము ఆ తల ఎత్తుటను చూచి తట్టుట మానును. 1907లో ఫుంగ్‌స్ట్ ఈ సంగతిని ప్రకటించెను. సంగతి తెలిసిన తరువాత కూడ ఆ సైగను తాను పూర్తిగా అణచుకొనలేకపోవుట అతనికే వింతగా తోచినది.

ఈ వృత్తాంతము చెప్పి ‘గుఱ్ఱమునకు లెక్కలు రావు’ అని తేలికగా నవ్వువారు కలరు. మాకు అట్లు తోచదు. ఎదుటివాని తల వెంట్రుకవాసి కదలినను పసిగట్టుట సామాన్యమైన నేర్పా? మూగజీవులు మనలను అంత శ్రద్ధతో చదువుచున్నవి. మనము వాటిని చదువుచున్నామా అనునదే ప్రశ్న. పల్లెలో ఈ ప్రశ్నకు పాలచెంబుతోను, ధాన్యపు గాదెతోను, ఒక్కొక్కమారు మనిషి ప్రాణముతోను సంబంధము కలదు.

గుఱ్ఱము సంగతి రెండు మాటలలో చెప్పుదుము. బందరులో ఒకప్పుడు జట్కాబండ్లకు కట్టిన గుఱ్ఱములు నేడు పెండ్లి ఊరేగింపులలో తప్ప అంతగా కనబడవు. జట్కా గుఱ్ఱమునకు కండ్ల ప్రక్క గంతలు ఎందుకు కట్టెడివారు? గుఱ్ఱము పచ్చికబయళ్లలో క్రూరమృగముల వాత పడకుండ పరుగెత్తి బ్రతికిన జాతి. దాని కండ్లు తలకు ఇరుప్రక్కల ఉండుటచే తల త్రిప్పకయే చుట్టును దాదాపు అంతయు చూడగలదు. నొసటికి సరిగా ఎదుటను, తోకకు సరిగా వెనుకను మాత్రము కొంచెము చోటు కనబడదు. వెనుకనుండి వచ్చు బండియో, ఎగిరిన కాగితమో దానికి పులివలె తోచును. గంతలు ఆ భయమును తగ్గించుటకే. వెనుకవైపునుండి చప్పుడు చేయక చేరినవానిని అది తన్నుట పొగరు కాదు, భయము. నిలుచుండియే కునుకుట కూడ ఆ పాత భయము నేర్పినదే. మోకాళ్లను బిగించి ఉంచు ఏర్పాటు దాని కాళ్లలో కలదు. గాఢనిద్ర కొఱకు మాత్రము కొంచెముసేపు పండుకొనును; అదియు చోటు క్షేమమని నమ్మినపుడే.

భయము పొదుగును కూడ బిగించును. గేదె చేపుట, చేపకుండుట మన ఇండ్ల ఆడువారికి నిత్యము ఎదురగు సమస్య. పొదుగులోని పాలలో చాల భాగము చన్నులవద్ద నిలిచియుండదు. లోపలి సన్నని తిత్తులలో ఉండును. దూడ మూతి తగిలినపుడో, అలవాటైన చెంబు చప్పుడు విన్నపుడో, తౌడు తొట్టి ఎదుట పెట్టినపుడో గేదె మెదడునుండి ఆక్సిటోసిన్ అను రసము నెత్తురులో చేరి ఆ తిత్తులను పిండును. అదియే చేపుట. ఆవుకంటె గేదె కొంచెము ఆలస్యముగా చేపును. ఆ రసము ప్రభావము కొలది నిమిషములే ఉండును కనుక చేపిన తరువాత మాటలలో పడక పిదుకుట ముగింపవలెను. కొత్తవారు వచ్చి కూర్చున్నను, కఱ్ఱతో అదలించినను, కుక్క మొఱిగినను, భయముచే పుట్టు వేరొక రసము ఈ పనికి అడ్డుపడును. గేదె మొండికేసినదని కొట్టుట మరునాటి పాలను కూడ పోగొట్టుకొనుటయే. కొందఱు దీనికి విరుగుడుగా సూదిమందు పొడుచుచున్నారు. పశువు ఆరోగ్యమునకు హానిచేయు అట్టి సూదులు 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము శిక్షార్హములు. ఒకే మనిషి, ఒకే వేళ, ఒకే చోటు – ఇంతకు మించిన మందు లేదు.

గేదె వెంటనే పొలము గట్టునకు పోదము. దాని కాళ్లచుట్టు తెల్లకొంగలు నాలుగైదు తిరుగుచుండును. వీపుపైన నల్లని పిట్ట, చీలిన తోకతో, దొరవలె కూర్చుండును. దానిని మనవారు ఏట్రింత అనియు, పసులపోలిగాడు అనియు అందురు. ఈ రెండును పశువునకు సేవ చేయుటకు రాలేదు. గేదె అడుగు వేసినపుడు గడ్డిలోనుండి మిడుతలు, పురుగులు లేచును. కొంగ వాటిని ఏరుకొనును. పసులపోలిగాడు గాలిలోనే పట్టును. పశువు వెంట తిరుగు కొంగ ఒంటరిగా తిరుగు కొంగకంటె తక్కువ అడుగులు వేసి ఎక్కువ పురుగులను పట్టునని 1960లలో అమెరికాలో లెక్కించి చూచిరి. నేడు దుక్కి ట్రాక్టరుతో జరుగుచున్నను కొంగలు దాని వెనుక అట్లే వచ్చుచున్నవి. వాటికి కావలసినది ఎద్దు కాదు, కదలిక. ఇదే జాతి కొంగ ఆఫ్రికానుండి సముద్రము దాటి పందొమ్మిదవ శతాబ్ది చివర దక్షిణ అమెరికాకు చేరి, అచ్చటి పశువుల మందలను చూచుకొని ఆ ఖండములంతట వ్యాపించినది. పసులపోలిగాడు గుప్పెడంత పిట్టయైనను తన గూటిదరికి వచ్చిన కాకిని, గ్రద్దను తఱిమికొట్టును. అందుచే పావురము, గువ్వ మొదలగు సాధుపక్షులు అదే చెట్టున గూడు కట్టుకొనుట కలదు. పోలీసు ఠాణా ప్రక్క ఇల్లు కట్టుకొన్నట్లు!

ఇంతవరకు చెప్పినవి తెలిసినను తెలియకున్నను పెద్ద నష్టము లేదు. ఎలుక విషయము అట్టిది కాదు.

ఇంగ్లీషువారు పెద్ద ఎలుకను ‘బాండికూట్’ అందురు. ఆ మాట మన తెలుగు ‘పందికొక్కు’ నుండి పుట్టినదే. తరువాత ఆస్ట్రేలియాలోని ఎలుక కాని వేరొక సంచిజంతువునకు కూడ ఆ పేరే అంటగట్టిరి. ప్రపంచమునకు ఇంకను మంచి మాటలు ఇచ్చియుండవచ్చును గాని, పందికొక్కుతో మన పరిచయము ఎంత పాతదో దీనివలన తెలియును. వరిపొలములలో ఎక్కువ నష్టము చేయునది ఈ జాతిలోని చిన్నరకము. గట్టులలో బొరియ తీసి, ఎత్తిపోసిన తాజామట్టితో దాని నోరు మూసుకొని లోపల ఉండును. సాధారణముగా బొరియకు ఒక పెద్ద ఎలుకయే కాపురముండును. వెన్నులను కొఱికి లోపలి గదులకు చేర్చి నిలువచేయును. ఒక్కొక్క బొరియలో కిలోల కొలది ధాన్యము దొరకును. దాని ముందుపండ్లు బ్రతికినంతకాలము పెరుగుచునే ఉండును కనుక ఆకలి లేకున్నను కొఱుకుట దానికి తప్పదు. గర్భము మూడు వారములు. ఈతకు ఆరేడు పిల్లలు సామాన్యము. వరి పొట్టకు వచ్చి, గింజ పాలుపోసికొను వేళకు దాని సంతానము ఉద్ధృతమగును. పిలకలు వేయు దశలో కొఱికిన దుబ్బు తిరిగి పిలక వేయవచ్చును. పొట్టదశలో కొఱికిన దానికి ఉపాయము లేదు.

గట్టు తొలిచిన నష్టము వేరు. కాలువ చివరి భూములకు వంతు ప్రకారము నీరు అందునపుడు రాత్రికి రాత్రి గండి పడి మడి ఎండిపోవుట ఎంత బాధయో దివిసీమ రైతులకు చెప్పనక్కరలేదు. సార్వా కోతకు ముందు చల్లిన మినుము మొలచిన తరువాత ఎలుక దానిని కూడ విడువదు. చుట్టును మినుము ఉండగా ఎవరో ఒకరు ముందుగనో వెనుకగనో వరి వేసినచో ఊరిలోని ఎలుకలన్నియు ఆ మడికే విందునకు పోవును.

ఇట్టి జంతువును విషముతో చంపుట తేలికయని తోచును. కాని ఎలుక నడవడి తెలియనివాడు విషమునకు ఖర్చుపెట్టి, ఎలుకకు జాగ్రత్త నేర్పి వచ్చును. ఎలుకకు వాంతి చేసికొను శక్తి లేదు. తిన్నది వెనుకకు పోదు కనుక తినుటకు ముందే అది పరీక్షించును. కొత్తవస్తువు దారిలో కనబడినచో ఒకటి రెండు రాత్రులు దానిని తాకదు. తరువాత కొంచెము కొఱికి ఊరకుండును. కడుపులో నొప్పి పుట్టినచో ఆ రుచిని మరచిపోదు. 1955లో జాన్ గార్సియా అను అమెరికా శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఎలుకలకు తియ్యని నీరు త్రాగించి, పిదప కిరణములచే వాటికి జబ్బు కలిగించిరి. జబ్బుకు కారణము కిరణములైనను, ఎలుకలు నాటినుండి తియ్యని నీటినే మానినవి. మన పొలములో జింకు ఫాస్ఫైడు పెట్టినపుడు జరుగునది ఇదియే. ఆ మందు కొలది గంటలలో పనిచేయును. చాలినంత తిననిది బ్రతికి, ఆ నూకల రుచిని పగవానివలె గుర్తుంచుకొనును. అందుచేతనే ముందు రెండు రోజులు మందు కలపని నూకలు పెట్టి అలవాటు చేయవలెనని వ్యవసాయశాఖవారు చెప్పుదురు. బ్రోమోడయోలోన్ అను మందు వేరు విధముగా పనిచేయును. అది నెత్తురు గడ్డకట్టకుండ చేసి కొన్ని రోజులకు చంపును. జబ్బుకును తిండికిని నడుమ రోజులు గడచుటచే ఎలుక రెండింటిని ముడిపెట్టలేదు.

మందు లేకుండ ఎలుకను పట్టు విద్య మన యానాదులది. తాజామట్టి చూచి ఏ బొరియలో కాపురము ఉన్నదో చెప్పుదురు. తప్పించుకొను రంధ్రములను వెదకి మూసివేసి, అడుగున చిన్న చిల్లుగల కుండలో గడ్డి రగిల్చి, కుండ మూతిని బొరియకు ఆనించి, చిల్లునుండి నోటితో ఊదుదురు. పొగకు స్తంభించిన ఎలుకను త్రవ్వి తీయుదురు. వెదురు బుట్టలు పెట్టి పట్టుటయు కలదు. పుస్తకములో చదివినది కాదు, తరతరములుగా ఎలుకను చదివినది ఆ విద్య. దానికి తగిన కూలి ఇచ్చుటకు మనము బేరమాడుట మాత్రము బాగుగా లేదు.

కూలి అడుగని ఎలుకవేటగాడు ఒకడు ప్రతి గ్రామమునను ఉన్నాడు. వానినే మనము రాళ్లతో కొట్టుచున్నాము. ఇంటిపై గుడ్లగూబ వాలినచో కీడనియు, ఇల్లు కొంతకాలము పాడుపెట్టవలెననియు మనలో ఒక నమ్మకము కలదు. వంగదేశమున అదే పక్షి లక్ష్మీదేవి వాహనము. అచ్చట అది ఇంటికి వచ్చుట శుభము. ఒకే పక్షి ఒక దేశమున లక్ష్మిని తెచ్చి, వేరొక దేశమున పోగొట్టునా?

పాత ఆలయ గోపురములలోను, పాడుపడిన ఇండ్ల అటకలపైనను, చెట్టుతొఱ్ఱలలోను నివసించు తెల్లని ముఖముగల గుడ్లగూబను గూర్చి కొంచెము వివరముగా చెప్పవలెను. దాని ముఖము చేటవలె పలుచనై హృదయాకారముగా ఉండును. అది అందము కొఱకు కాదు; చప్పుడును కూడదీసి చెవులకు చేర్చు చేటయే. చెవులు రెండును ఒకే ఎత్తున ఉండవు. ఒకటి కొంచెము పైకిని, ఒకటి కొంచెము క్రిందికిని ఉండుటచే చప్పుడు ప్రక్కలనుండి వచ్చుచున్నదో, ఎంత లోతునుండి వచ్చుచున్నదో కూడ అది ఎఱుగును. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున రోజర్ పేన్ అను శాస్త్రజ్ఞుడు కటికచీకటి గదిలో ఎండుటాకులు పఱచి, చుంచెలుకను వదలి, గుడ్లగూబ ఏమి చేయునో పరీక్షించెను. ఆకు గలగలలాడిన చోటికే అది సూటిగా దూకి పట్టెను. ఒక చెవిని మూసినపుడు గురి తప్పెను. అనగా అది చీకటిలో చూచి కాదు, విని పట్టినది. రెక్కల అంచుల ఈకలు దువ్వెనపండ్లవలె ఉండి గాలిని మెల్లగా చీల్చుటచే అది ఎగురు చప్పుడు ఎలుకకు వినబడదు, దాని చెవికిని అడ్డురాదు.

పగలు దానికి కండ్లు కనబడవని మనము అనుకొందుము. కనబడును. ఎండలో బయటికి వచ్చినచో కాకులు వెంటపడి పొడుచును కనుక అది బయటికి రాదు. దాని కండ్లు గుంటలలో కదలవు. ప్రక్కకు చూడవలెనన్న మెడయే త్రిప్పవలెను. చుట్టులో మూడు వంతులవరకు త్రిప్పగలదు. చీకటిలో ఒక తెల్లని ముఖము మెడ వెనుకకు త్రిప్పి మనవంక చూచినచో గుండె ఝల్లుమనుట సహజమే. గూటిలోని పిల్లలు పామువలె బుసకొట్టును. అటక ఎక్కినవాడు పామని భయపడి దిగిపోవును; పిల్లలకు కావలసినదియు అదే. మనిషి భయమునుండి పుట్టిన కథలు ఎన్నియో ఈ పక్షి నెత్తిన పడినవి.

ఎలుకను మ్రింగి, అరుగని వెంట్రుకలను, ఎముకలను ఉండగా చుట్టి క్రక్కుట దాని అలవాటు. గోపురము క్రింద పడియున్న ఆ నల్లని ఉండలను నీటిలో నానవేసి విప్పినచో చిన్న పుఱ్ఱెలు, దవడలు బయటపడును. పాఠశాల పిల్లలచే ఉపాధ్యాయులు చేయింపదగిన పని ఇది. ఏ పక్షి ఏమి తిన్నదో చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యము వేరు లేదు. ఆడపక్షి గ్రుడ్లను రెండు మూడు రోజుల ఎడమున పెట్టుచు, మొదటి గ్రుడ్డునుండియే పొదుగ నారంభించును. అందుచే ఒకే గూటిలో పెద్దపిల్ల, చిన్నపిల్ల వరుసగా ఉండును. ఎలుకలు విరివిగా ఉన్న ఏడు అన్నియు బ్రతుకును. లేని ఏడు పెద్దవి మాత్రమే నిలుచును. ఎలుకల పంటను బట్టి గుడ్లగూబల పంట.

ఈ నడవడిని గ్రహించి మలేషియాలోని నూనెతాటి తోటలలో స్తంభములకు చెక్కపెట్టెలు కట్టి ఈ పక్షులకు నివాసము కల్పించిరి. ఇజ్రాయెల్ దేశమున 1983లో ఒక సమష్టి వ్యవసాయక్షేత్రమున ఇట్టి పెట్టెలు మొదలై దేశమంతట వ్యాపించినవి. తరువాత ఇరుగుపొరుగున ఉన్న జోర్డాన్, పాలస్తీనా రైతులు కూడ ఆ పనిలో చేరిరి. సరిహద్దు తగవులు గుడ్లగూబకును ఎలుకకును తెలియవు గదా. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము గుడ్లగూబలను పట్టుటను, చంపుటను నిషేధించినది. చట్టము కంటె ముందు మనసు మారవలసిన విషయము ఇది.

ఎలుక వెంట పోవునది గుడ్లగూబ ఒక్కటే కాదు. నాగాయలంక, కోడూరు ప్రాంతముల మడ అడవులలో బావురుపిల్లి కలదు. కాలివ్రేళ్లనడుమ కొంచెము చర్మముండి, దట్టమైన బొచ్చుతో నీటిలో మునిగి చేపను పట్టు ఈ జంతువు ఎలుకలను కూడ తినును. చారలు, మచ్చలు చూచి పులిపిల్ల అని భ్రమించి దానిని తఱుముట తగదు.

పాము కూడ ఎలుక వెంటనే వచ్చును. అది ఇంటికి వచ్చినదన్న మన తిండిగింజలకై వచ్చిన ఎలుక దానిని పిలిచినదని అర్థము. జెఱ్ఱిపోతు నాగుపాముతో జతకట్టునని, పశువుల పాలు త్రాగునని పల్లెలలో చెప్పుకొందురు. జెఱ్ఱిపోతు వేరు జాతి, దానికి విషము లేదు. పెనవేసికొని నిటారుగా లేచి ‘సయ్యాట’ ఆడునవి చాలమారులు ఆడు, మగ పాములు కావు. రెండు మగపాములు బలము చూపుకొనుట అది. పాము నోటికి చప్పరించు పెదవులు లేవు, పండ్లు లోపలికి వంగియుండును. పొదుగును పట్టినచో గేదె ఊరకుండునా? మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరునకు మ్రొక్కి వచ్చుచు త్రోవలో కనబడిన జెఱ్ఱిపోతును కఱ్ఱతో కొట్టుట మనము చూచుచున్నదే. అది చచ్చిన మడిలో ఎలుకలు బ్రతుకును.

విషసర్పముల మాట వేరు. 2018 వర్షాకాలమున దివిసీమ గ్రామములలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగి, అవనిగడ్డ ఆసుపత్రికి బాధితులు వరుసగా వచ్చిరి. భయము ఎంతగా వ్యాపించెననగా ఆ ఆగష్టు నెలలో మోపిదేవిలో సర్పశాంతి యాగము కూడ జరిగినది. వానలకు, కాలువ నీటికి బొరియలు నిండినపుడు ఎలుకయు పామును మెరకయైన గట్టులకే చేరును. ఊడ్పులకు, కలుపునకు వచ్చిన కూలీలు నడచునదియు ఆ గట్టులపైననే. పాము నేల అదురును బాగుగా ఎఱుగును. కఱ్ఱతో తట్టుచు నడచినచో అది తొలగిపోవును. కట్లపాము రాత్రులందు తిరుగును, నేలపై పండుకొన్నవారిని కఱచును. కాటు నొప్పి అంతగా తెలియదు. మంచముపై, దోమతెర చుట్టును దోపుకొని పండుకొన్నవారికి ఆ భయము చాల తక్కువ. కఱచినచో కోయుట, చీల్చుట, బిగించి కట్టుట, మంత్రమునకు పోవుట – ఇవి కాలమును పోగొట్టును. కఱచిన అవయవమును కదల్పక వెంటనే ప్రభుత్వాసుపత్రికి చేర్పవలెను.

అచ్చట ఇచ్చు విషవిరుగుడు మందు ఎట్లు తయారగునో చాలమందికి తెలియదు. తమిళనాడులో 1978లో ఏర్పడిన ఇరుళ పాములపట్టువారి సహకార సంఘమువారు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగు జాతుల విషమును తీసి ఇచ్చుచున్నారు. ఆ విషమును కొంచెము కొంచెముగా గుఱ్ఱములకు ఎక్కింతురు. గుఱ్ఱపు నెత్తురు దానిని ఎదుర్కొను శక్తిని పుట్టించుకొనును. ఆ నెత్తురునుండి తీసిన ద్రవమే మన కూలీ నరములోనికి ఎక్కించు మందు. జట్కా పోయినను గుఱ్ఱముతో మన ఋణము తీరలేదు.

ఇక ఈ సార్వాకు చేయదగిన పని. ఎలుకల మందు ఒక్కరు పెట్టిన ప్రయోజనము లేదు. ప్రక్క మడి ఎలుక మూడవనాటికి ఖాళీబొరియలో చేరును. ఊరంతయు ఒకే రోజున పెట్టవలెను. అదియు నాట్లు పడిన నెల, నెలన్నరలోపల, పైరు పొట్టకు రాకముందే. మొదటినాటి సాయంత్రము గట్టులపై ఉన్న బొరియలన్నియు మట్టితో మూయవలెను. మరునాడు ఉదయము ఏవి తెరచి ఉన్నవో అవియే కాపురమున్నవి. మందు వాటిలోనే పెట్టవలెను. నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, 0.25 శాతము బ్రోమోడయోలోన్ పొడి 2 పాళ్లు కఱ్ఱతో కలిపి, కాగితపు పొట్లముగా కట్టి, బొరియ లోపలికి నెట్టి మూయవలెను. గట్టుపై చల్లకూడదు, కోళ్లు, పిట్టలు తినును. ఆ మందు తిన్న ఎలుక చచ్చులోపల మందముగా తిరుగుచు గుడ్లగూబకు సులభముగా చిక్కును, మందు దాని కడుపులోనికి పోవును. కనుక మందును అవసరమునకు మించి మరల మరల పెట్టక, చచ్చిన ఎలుకలను ప్రతి ఉదయము ఏరి లోతుగా పాతిపెట్టవలెను. యానాదులు పొగపెట్టు గ్రామములలో మందు అవసరము మఱియు తగ్గును. మడులలో గుడ్లగూబ వాలుటకు అడ్డుకఱ్ఱ కట్టిన కొయ్యలను అక్కడక్కడ నాటి, గింజ గట్టిపడు వేళకు తీసివేయవలెను. లేనిచో పగలు గింజతిను పిట్టలు వాటిపై చేరును. గోపురమునకు సున్నము వేయించునపుడు గుడ్లగూబ గూడున్న గూటిని, పిల్లలు ఎగిరిపోవువరకు, మూయింపకుండ పంచాయతీవారు చూడవలెను.